కర్బూజ ఇంట్లో చెయ్యి

గడ్డిఅన్నారంలో పాత పండ్ల మార్కెట్ వెనక సందులో ఒక ఖాళీ ఇల్లుంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు... పరుగెత్తుతారు.

దాని పేరు కర్బూజ ఇల్లు. దెయ్యాల కొంపకు ఇదేం పేరని మీరు నవ్వొచ్చు. ఆ ఇల్లు ఒక పండ్ల వ్యాపారిది. ముందు గదిలో ముప్ఫై ఏళ్లపాటు కర్బూజ పండ్లు కుప్పలు పోశాడు. మార్కెట్ ఊరి బయటికి తరలిపోయాక ఆయనా ఇంటికి తాళం వేసి వెళ్లిపోయాడు. పండ్లు పోయాయి, లారీలు పోయాయి, హమాలీల కేకలు పోయాయి — వాసన మాత్రం గోడల్లో ఉండిపోయింది. ఎండాకాలం ఆ సందులో అడుగుపెడితే కడుపులో ఆకలి, వెన్నులో వణుకు రెండూ కలిసే పుడతాయి.

మార్కెట్ ఉన్నన్నాళ్లు రాత్రంతా లారీల మోత. ఆ మోతలో దెయ్యం గొంతు చించుకున్నా వినేవాడు లేడు. సందు నిశ్శబ్దమయ్యాకే ఆ చప్పుడు వినపడటం మొదలైంది.

ఘల్... ఘల్... ఘల్...

గాజుల చప్పుడు. దాని కింద ఎవరో గొణుగుతున్నట్టు సన్నటి గొంతు.

అది ఎవరి దెయ్యమన్న దాని మీద సందులో ఒక్క మాట లేదు. పండ్ల కుప్ప మీద పడి చచ్చిపోయిన కూలిమనిషిదని కిరాణా కొట్టు అంతయ్య అంటాడు. కోచింగ్ హాస్టల్ పిల్లలు ఒప్పుకోరు. సర్కారు ఉద్యోగం అర మార్కుతో పోగొట్టుకున్న అమ్మాయిదని, పాపం ఇప్పటికీ లెక్కలు చేసుకుంటోందని, ఆ గొణుగుడులో అంకెలు వినపడతాయని వాళ్ల వాదన. ఇరుపక్షాల వాళ్లూ కళ్లారా చూశామనే చెబుతారు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికలో మేనమామ పేరు తప్పు పడితే ఆ ఇంటివాళ్లు వచ్చినట్టు ఏ దెయ్యమూ రాలేదు ఇంతవరకు.

ఈ సంగతి నాకు చెప్పింది యోగేందర్. మృదంగం వాయిస్తాడు. మృదంగం ఒక్కటీ అన్నం పెట్టదు కాబట్టి పగలు ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ కింద హెల్మెట్లు అమ్ముతాడు. ఏ సంగతైనా రెండింతలు చేసి చెప్పే మనిషి. అందుకని సగం తీసేసి మీకు చెబుతున్నాను. చివర జరిగింది మాత్రం నా కళ్ల ముందే జరిగింది, అందులో ఒక్క ముక్క తీసేయలేదు.

యోగేందర్ వాయించేది కోదండం గారి దగ్గర. కోదండం గారు గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరయ్యారు, దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు సంగీతం చెబుతారు. వాళ్లది పోచంపల్లి వైపు నేత కుటుంబం. ఆయనకు పన్నెండేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ మగ్గం వదిలి ఇక్కడికొచ్చి బట్టల దుకాణం పెట్టుకున్నారు.

పాఠాలు చెప్పడం ఆయనకు బతుకుతెరువు. కృతులు కట్టడం ఆయనకు పిచ్చి.

ఇరవై రెండేళ్లలో నూట పదకొండు కట్టారు. ఒక్కటీ వేదిక ఎక్కలేదు. ప్రతి కృతి వెనకా కట్టినవాడి సొంత జ్ఞాపకం ఒకటి ఉండాలని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. కాకపోతే పాట నాలుగు నిమిషాలుంటే దాని జ్ఞాపకం ఇరవై నిమిషాలు చెబుతారు. గోదావరి మీద ఏడు కృతులున్నాయి ఆయనవి. గోదావరిని చూసింది రెండుసార్లు, రెండుసార్లూ రైలు కిటికీలోంచి. వెన్నెల, మల్లెతోట, తొలకరి వాన — పెద్ద సంగీతకారులకు ఉండాల్సిన జ్ఞాపకాలన్నీ ఆయనకు ఉన్నాయి. మగ్గం మాట మాత్రం ఎక్కడా ఎత్తరు. బట్టల దుకాణం వాళ్లమనే చెప్పుకుంటారు.

సంగీత సభ కార్యదర్శి కృష్ణకుమారి గారు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, డెబ్బై దాటినా శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వస్తే మొహం మీదే చెప్పేస్తారు. కోదండం గారి కృతులన్నీ ఆవిడ విన్నారు.

"చక్కగానే ఉంటాయండీ కోదండం గారూ," అన్నారొకసారి. "కానీ వాటిని ఎవరు కట్టారన్నా నమ్మేస్తాను. వీటిలో మీరెక్కడున్నారండీ?"

ఆ ఒక్క మాటకు ఆయన వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

పోయిన మాఘంలో సింధూర తొలి కచేరీ కుదిరింది. సింధూర కోదండం గారి శిష్యురాలు, పంతొమ్మిదేళ్ల పిల్ల. మా సార్ కట్టింది ఒక్కటైనా పాడకపోతే కచేరీయే చేయనని మొండికేసింది. కృష్ణకుమారి గారు ఆలోచించి ఒక షరతు పెట్టారు. కచేరీ ఆదివారం. శుక్రవారం పొద్దున్నకల్లా ఒక కొత్త తిల్లానా వినిపించాలి. పాతవి వద్దు. నచ్చితే పెడతాను, నచ్చకపోతే లేదు.

కచేరీ కార్యక్రమ పత్రికలో తిల్లానా చోటు ఖాళీగా వదిలి ప్రూఫ్ తీసింది నేనే.

"గిది గిట్ల పాయెనంటే ఇగ కట్టను యోగీ," అన్నారట కోదండం గారు. "పుస్తకం మూసేస్త. పిల్లలకు సరళీ స్వరాలు చెప్పుకుంట బతుకుత."

ఆ మాట అని ఆయన కృతుల పుస్తకం మూసి పక్కన పెట్టేశారని యోగేందర్ చెప్పాడు. దీంట్లో మాత్రం నేను సగం తీసేయలేదు.

మంగళవారం సాయంత్రం పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. ఏ కృతికి ఏ జ్ఞాపకం వాడిందీ అందులో రాసి ఉంటుంది. పెళ్లి — మూడుసార్లు వాడేశారు. మొదటి సైకిల్ — అయిపోయింది. తొలకరి వాన — ఐదుసార్లు. పేజీలు తిప్పి తిప్పి తల పట్టుకున్నారు.

"జ్ఞాపకాలు అయిపోయినయ్ యోగీ. నీ దగ్గర ఏమన్న ఉన్నయా?"

"హెల్మెట్లవి ఉన్నయ్ సార్."

భార్యనడిగారు. "మీతోటి ముప్పై ఏండ్ల సంసారం. అది జ్ఞాపకమెట్లయితది, ఇంకా నడుస్తనే ఉన్నది గద," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరికి తల్లినడిగారు. ఆమె పేరు మల్లమ్మ, ఎనభై దగ్గర పడింది. చేతులకు రెండేసి వెండి గాజులు, పిడికెడు ముడి, పిడికెడు మనిషి.

"నాకేం గుర్తుంటయిరా? చేసిన పనే గుర్తు."

"పని ముచ్చట తియ్యకమ్మా. దవాఖానల డాక్టరేమన్నడు? భుజం అరిగింది, చెయ్యి ఎత్తొద్దన్నడా లేదా?"

మల్లమ్మ భజనకు పొద్దుపోతోందంటూ కొంగు సర్దుకుని బయటికి వెళ్లిపోయింది.

కోదండం గారు ఉన్నట్టుండి తొడ మీద చరుచుకున్నారు.

"భయం!" అన్నారు. "యోగీ, నేను భయం మీద ఒక్కటి గూడ కట్టలే! మంచి భయం ఒక్కటి దొరికితే చాలు."

"యాడ దొరుకుతది సార్?"

"కర్బూజ ఇంట్ల."

యోగేందర్ కాళ్లా వేళ్లా పడ్డాడు. తనకు పెళ్లి సంబంధం ఖాయమైందని కూడా చెప్పుకున్నాడు. కోదండం గారు వినలేదు. నాకు భయమొస్తది, ఆ చప్పుడు తాళం ఎవరు గుర్తుపెట్టుకోవాలె — నువ్వే, అన్నారు. బుధవారం రాత్రి తొమ్మిదికి ఇద్దరూ బయల్దేరారు. యోగేందర్ తలకు హెల్మెట్ పెట్టుకున్నాడు. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్దది, తెల్లటిది.

"గదెందుకురా?"

"దెయ్యం నెత్తి మీద కొడితే సార్?"

సందు చివర దీపం పనిచేయడం లేదు. అంతయ్య కొట్టు షట్టర్ దించి ఉంది. కర్బూజ వాసన... పండు వాసనే, కానీ ఆ చీకట్లో అది మనిషి ఊపిరిలా మొహానికి తగిలిందని యోగేందర్ చెప్పాడు.

ప్రహరీ గోడ నడుమెత్తు ఉంటుంది. ఇద్దరూ దూకారు. కోదండం గారి ఒక చెప్పు అవతలే ఉండిపోయింది.

అప్పుడు మొదలైంది—

ఘల్... ఘల్... ఘల్...

యోగేందర్ వెనక్కి తిరిగి గోడ పట్టుకున్నాడు. కోదండం గారు మాత్రం ఒంటి చెప్పుతో వరండా ఎక్కి కిటికీ పక్కన ఒదిగి నిలబడ్డారు. చేయి ఊపి పిలిచారు. ఒంటరిగా ఉండటం కన్నా అదే నయమని యోగేందర్ వెళ్లాడు.

కిటికీ రెక్క కొంచెం ఓరగా తెరిచి ఉంది. లోపల ఎక్కడో కింద చిన్న దీపం. ఎదుటి గోడ మీద...

చెయ్యి.

ఒట్టి చెయ్యి నీడ. నేల నుంచి పైకప్పు దాకా ఉంది. రెండు వేళ్లు దేన్నో గిల్లి పట్టుకున్నట్టు బిగిసి ఉన్నాయి. అది పైకి లేస్తోంది... గోడ మీద వంపు తిరుగుతోంది... కిందికి దిగుతోంది. మళ్లీ లేస్తోంది. తిరిగినప్పుడల్లా ఘల్లుమంటోంది. మనిషి లేదు. మొహం లేదు. కింద నుంచి మూసిన నోట్లోంచి వచ్చినట్టు ఒక గొణుగుడు — మూడే మూడు స్వరాల మీద, ఆగకుండా.

భయంలో కూడా యోగేందర్ వేళ్లు హెల్మెట్ మీద లెక్క వేయడం మొదలుపెట్టాయి. ఏడు. ఏడు. ఏడు. తర్వాత... తొమ్మిది! మళ్లీ ఏడు, ఏడు, ఏడు, తొమ్మిది.

"సార్," అని గుసగుసలాడాడు. "మిశ్రచాపు తాళం లెక్కనే ఉన్నది... కని నాలుగోసారి రెండు ఎక్కువొస్తున్నయ్."

తల తిప్పి చూశాడు. కోదండం గారి కళ్లు మూసుకుని ఉన్నాయి. ఆయన కుడిచెయ్యి గాల్లో లేస్తోంది... వంపు తిరుగుతోంది... దిగుతోంది. అచ్చం గోడ మీది నీడలాగే.

"నేను సచ్చిన అనుకున్న అన్నా," అన్నాడు నాతో యోగేందర్. "గోడ మీద చూసి ఆడిస్తున్నడా అంటే, కండ్లు మూసుకున్నడు. చప్పుడైనంక ఆడిస్తున్నడా అంటే, అదీ గాదు. సార్ చెయ్యి ముందుగాల లేస్తున్నది... చప్పుడు ఎనక ఒస్తున్నది. ఆ రెండెక్కువ ఎప్పుడొస్తయో నాకు నాలుగు చుట్లు తిరిగితే గని తెల్వలే. ఆయన చెయ్యికి మొదటి చుట్టులనే తెలుసు!"

దెయ్యం సార్‌ను పట్టేసిందని యోగేందర్ తీర్మానించుకున్నాడు. ఆయన చొక్కా పట్టుకుని లాగాడు. ఆయన కదల్లేదు.

అంతలో—

గాజులు ఆగిపోయాయి.

గొణుగుడు ఆగిపోయింది. గోడ మీద చెయ్యి ఉన్నచోటనే నిలిచిపోయింది.

నిశ్శబ్దం... ఎక్కడో మెట్రో రైలు పోతున్న చప్పుడు, అదీ ఆగిపోయింది. యోగేందర్ అలవాటు కొద్దీ లెక్కపెడుతూనే ఉన్నాడు. పది... పన్నెండు... పద్నాలుగు దాకా వచ్చింది.

అప్పుడు పళ్ల సందులోంచి ఒక గొంతు. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు.

"రా... ఇట్ల రా తల్లీ... యాడికి పోతవ్..."

ఒక క్షణం.

"ఆఁ! దొరికినవ్!"

తర్వాత ఎవరు ముందు గోడ దూకారన్న దాని మీద ఇద్దరి మాటా కలవదు. యోగేందర్ హెల్మెట్ కిటికీ చువ్వకు ధడాల్న కొట్టుకున్నది మాత్రం నిజం, దాని మీద సొట్ట నేను చూశాను. కోదండం గారి రెండో చెప్పు గోడ లోపలే ఉండిపోయింది. వట్టికాళ్లతో దిల్‌సుఖ్‌నగర్ దాకా పరుగెత్తారు. దారిలో షేర్ ఆటో ఒకటి ఆగి ఎక్కుతారా అని అడిగితే, ఆ డ్రైవర్‌ను చూసి కూడా జడుసుకున్నారట.

ఇంటికి చేరేసరికి కోదండం గారికి ఒళ్లు కాలిపోతోంది. దుప్పటి ముసుగేసి వణుకుతున్నారు. కాసేపటికి మల్లమ్మ వచ్చింది, ఆమె కూడా ఎందుకో రొప్పుతోంది. కొడుకును చూసి కంగారుపడి ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది.

"ఏమైందిరా?"

"దెయ్యమమ్మా... ఒట్టి చెయ్యే ఉన్నది. మనిషి లేదు."

మల్లమ్మ మిరపకాయలు పొయ్యిలో వేయబోయి ఆగింది.

"యాడ?"

"కర్బూజ ఇంట్ల."

ఆమె మిరపకాయలు పొయ్యిలో పడేసింది. తర్వాత, "మళ్ల అటు దిక్కు పోకు కొడుకా," అని గట్టిగా చెప్పి, పక్కన కూర్చుని తెల్లవార్లూ తల నిమిరింది.

గురువారం జ్వరం తగ్గలేదు. ఆ జ్వరంలోనే తిల్లానా కట్టేశారు. అంతకుముందు ఏదైనా కట్టాలంటే నెల పట్టేది ఆయనకు — రాయడం, కొట్టేయడం, చించడం. ఇది ఒక్క పూటలో వచ్చేసింది. కాపి రాగం. ఏడు, ఏడు, ఏడు, తొమ్మిది. సింధూరను పిలిపించి మంచం మీద నుంచే నేర్పారు. ఆ పిల్ల చురుకైనది, సాయంత్రానికి పట్టేసింది.

శుక్రవారం పొద్దున కృష్ణకుమారి గారి ముందు పాడించారు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. చరణానికి ముందు ఒకచోట పాట ఠక్కున ఆగిపోతుంది. గొంతు లేదు, మృదంగం లేదు. పద్నాలుగు లెక్కల ఖాళీ. తర్వాత మళ్లీ అందుకుంటుంది.

ఆవిడ కళ్లు తెరిచారు.

"తాళం విచిత్రంగా ఉంది. ఉండనివ్వండి, బాగుంది. కానీ మధ్యలో ఈ ఆగడమేమిటండీ? పాట తెగిపోయినట్టుంది. వినేవాళ్లు పిల్ల మర్చిపోయిందనుకుంటారు. తీసేయండి."

ఇరవై రెండేళ్లలో కోదండం గారు ఆవిడ మాటకు ఎదురు చెప్పింది లేదు. ఏది తీసేయమంటే అది తీసేసేవారు.

"ఒద్దమ్మా," అన్నారు. "ఆడ ఆగాలె."

"ఎందుకు?"

"ఎందుకో నాకూ తెల్వదు. ఆగకపోతే నాకు ఊపిరాడుతలేదు."

ఆవిడ ఆయన్ని కాసేపు ఎగాదిగా చూశారు. ఏమనుకున్నారో ఏమో, నాకు ఫోన్ చేయించారు. ఖాళీ చోట "తిల్లానా — నూతన రచన — కోదండం" అని అచ్చేసి, మధ్యాహ్నానికి పత్రికలు పంపించాను.

ఆదివారం సాయంత్రం నేనూ వెళ్లాను. హాలు నిండింది. ముందు వరసలో కృష్ణకుమారి గారు. మూడో వరసలో కోదండం గారి భార్య, పక్కనే కొత్త చీర కట్టుకుని మల్లమ్మ. కొడుకు కట్టిన పాట కచేరీలో వినడం ఆమెకూ అదే మొదలు. కోదండం గారు వేదిక మీద సింధూర పక్కన కూర్చున్నారు. తిల్లానా అయ్యాక దాని వెనక ఉన్న జ్ఞాపకం గురించి ఆయన మాట్లాడాలి. ఒళ్లో నాలుగు పేజీల ఉపన్యాసం, చేతిలో వైరు లేని మైకు. నాలుగు పేజీలూ దెయ్యం గురించే.

తిల్లానా మొదలైంది.

నాకు సంగీతం అంతగా తెలియదు. ఎవరైనా పాడుతుంటే పత్రికలో అచ్చుతప్పులు వెతుక్కునే రకం నేను. ఆ రోజు పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ పాట వెళుతుంది, వంపు తిరుగుతుంది, వెనక్కి వస్తుంది. చివర ఆ రెండు లెక్కలు ఎక్కువ వచ్చినప్పుడల్లా మనిషి లోపల ఏదో మలుపు తిరిగినట్టుంటుంది. పక్కవాళ్ల తలలు వాటంతటవే ఊగుతున్నాయి. కోదండం గారి కుడిచెయ్యి గాల్లో లేచి దిగుతోంది, ఆయనకది తెలిసినట్టు లేదు.

మల్లమ్మ కుర్చీలో ముందుకు వంగింది.

చరణం దగ్గరికొచ్చింది.

పాట ఆగింది.

ఒకటి... రెండు... మూడు...

హాల్లో ఫ్యాన్ల చప్పుడు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఐదు... ఆరు... కృష్ణకుమారి గారి నుదురు ముడిపడింది. ఏడు...

"తెగిందా?"

మూడో వరసలో మల్లమ్మ లేచి నిలబడింది. హాలంతా అటు తిరిగింది. ఆమెకు ఎవరూ కనిపించడం లేదు. కుడిచెయ్యి పైకెత్తి, రెండు వేళ్లు గిల్లి పట్టుకుని—

"కొస పట్టుకో బిడ్డా! ఒదలకు! ముడెయ్యి... ముడేసి మళ్ల పట్టు!"

సింధూర గుడ్లప్పగించింది. కానీ ఆ పిల్ల లెక్క తప్పలేదు. పదమూడు... పద్నాలుగు. చరణం అందుకుంది.

"ఆఁ! దొరికింది!" అని ఊపిరి వదిలి మల్లమ్మ కూర్చుంది.

వేదిక మీద యోగేందర్ చెయ్యి మృదంగం తప్పి తన మోకాలి మీద పడింది. ఆ గొంతు అతను ఎక్కడ విన్నాడో అతనికి తెలుసు. కోదండం గారు తాళం ఆపేసి తల్లినే చూస్తున్నారు.

తిల్లానా పూర్తయింది. చప్పట్లు మొదలయ్యాయి. కోదండం గారు ఉపన్యాసం కాగితాలు కింద పడిపోయినా చూసుకోకుండా వేదిక దిగారు. నేరుగా మూడో వరసకు వెళ్లి తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డారు. మైకు చేతిలోనే ఉంది. ఆన్‌లోనే ఉంది. ఆ సంగతి ఆ ఇద్దరికి తప్ప హాల్లో అందరికీ తెలుసు.

"అమ్మా... గది నువ్వేనా?"

"ఏది?"

"కర్బూజ ఇంట్ల... చెయ్యి."

మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాచుకున్నదంతా తన నోటితోనే బయటపెట్టుకున్నానని అప్పుడు అర్థమైంది ఆమెకు.

"భజన అన్నవ్ గద?"

"భజన సోమారం ఒక్కటే. మిగిలిన దినాలు ఆసు పోస్తున్న."

ఆసు సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. పోచంపల్లి చీరకు రంగులద్దే ముందు దాని పోగులు వరసగా తీర్చుకోవాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరస. చేత్తో పోగు పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ ఇక్కడికి తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు కొన్ని వేలసార్లు. మల్లమ్మ పదేళ్ల వయసు నుంచి తిప్పింది, మగ్గం వదిలి ఇక్కడికొచ్చాక కూడా మానలేదు. భుజం అలాగే అరిగింది. డాక్టర్ వద్దన్న రోజే కోదండం గారు ఆసు చట్రాన్ని పాత సామానుకు అమ్మేశారు.

"కర్బూజ ఇల్లు చూసుకునే యాదలక్ష్మి మన దిక్కు మనిషే," అంది మల్లమ్మ. "ఆమె దగ్గర ఒక చట్రం ఉంటే ఆడ పెట్టిచ్చుకున్న. తాళం నా దగ్గర్నే ఉంటది."

"నీ గొంతు గుర్తువట్టలేకపోతినే!"

"ఒక కొస నోట్ల పండ్లతోటి పట్టుకుంటే గొంతు ఎట్ల తెలుస్తది? పోగు తెగింది, రెండో కొస దొరకలే. బుజ్జగించుకుంట దేవులాడుతున్న." మల్లమ్మ ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "గా రాత్రి ఒచ్చింది నువ్వేనని నాకెరుకే. మరి నీ ఎంబటి ఉన్నదేంది?"

"ఏది?"

"కిటికీల కనపడ్డది. తెల్లగ... కర్బూజ పండంత తలకాయ! మొకం లేదు! నేను దీపం ఆర్పి ఎట్ల ఉరికిన్నో నాకే తెల్వదు. ఇంటికొచ్చి చూస్తే నువ్వు జరంతోటి పండుకున్నవ్."

హాలు నవ్వుతో గొల్లుమంది, ఆ ఇద్దరి చెవికీ అది ఎక్కలేదు. వేదిక మీద యోగేందర్ మృదంగం వెనక దాక్కోవాలని చూశాడు.

కోదండం గారు నవ్వలేదు.

"గంత భయమైనంక గూడ మళ్ల పోయినవా?"

"పోయిన. సగం చీర మీద ఎట్ల ఆపుతర్రా?" అంది మల్లమ్మ. తర్వాత కొడుకు తల మీద చెయ్యి వేసింది. "నీకు యాదికి లేదు. నువ్వు గీ ఎత్తున ఉన్నప్పుడు చట్రం కిందనే పండుకుంటుంటివి. తెగిందంటే నేను ఆగుదును. కొస దేవులాడి ముడేసేది నువ్వే. నువ్వు ముడేస్తే గని నా చెయ్యి లేవకపోయేది."

ఆయన తల ఎత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. జ్ఞాపకాలు అయిపోయాయని పుస్తకం మూసిన మనిషి. నూట పదకొండు కృతుల్లో ఎక్కడా దొరకని ఆ చోటు, తీసేయమంటే తీసేయనన్న ఆ పద్నాలుగు లెక్కల ఖాళీ — తల్లి చెయ్యి ఆపి తన కోసం ఎదురుచూసిన చోటు. చట్రం కింది నుంచి లేచి ఆయన ముడి వేసిన చోటు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, చుట్టుపక్కల అందరిదీ అదే వరస. ముందు వరసలో కృష్ణకుమారి గారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటున్నారు.

"ఇగ పోనులే కొడుకా," అంది మల్లమ్మ చిన్న గొంతుతో. "రేపు యాదలక్ష్మికి తాళం ఇచ్చేస్త."

కోదండం గారు మొహం తుడుచుకున్నారు.

"ఇయ్యకు. దినాం ఒక్క గంట. గంట దాటితే ఊకోను. పోగు తెగితే నువ్వు ఆగు... ముడెయ్యనీకి నేనొస్త."

మైకులోంచి ఆ మాట హాలంతా వినపడింది. హాలు చప్పట్లతో మోగిపోయింది, తిల్లానాకు వచ్చినవి వాటి ముందు ఎందుకూ పనికిరావు. ఎక్కడి నుంచి ఈ చప్పట్లని ఇద్దరూ తెల్లబోయి చుట్టూ చూశారు. మల్లమ్మ హాలు కిటికీ వైపు భయంగా ఒక చూపు చూసి, కొడుకు చెవి దగ్గరికి వంగింది.

"నువ్వు రా కొడుకా. కని గా పెద్ద తలకాయదాన్ని మాత్రం ఎంబడి తోలుకరాకు."